ఖోర్ ఫక్కాన్ కొండల్లో మూడు రకాల గురి

విలువిద్య మీద సరదాతో నేను ఖోర్ ఫక్కాన్ వెళ్లలేదు, సమ్మయ్య కోసం వెళ్లాను. ఎనభైల మొదట్లో దుబాయ్ సత్వా పేటలో ఒకే గదిలో ఉండేవాళ్లం. నేను స్టోర్ కీపర్‌ని, అతను వెల్డర్. ఏటూరునాగారం అడవుల్లోని కోయగూడెం అతనిది. ఇనుపరజను పడి ఎడమ కన్ను పోవడంతో కంపెనీవాళ్లు ఖలాస్, పని అయిపోయింది, ఇంటికి పొమ్మన్నారు. ఇంటికి పోతే ఎదురుగా భూమి పండుగ వేట ఉంది. ఆ వేట నుంచి ఉత్తచేతులతో వచ్చినవాడి మీద ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి నవ్వుతారు. సమ్మయ్య మీద ఎన్నడూ ఆ నీళ్లు పడలేదట. “ఒక్కపాలి విల్లు పట్టి జూస్తనన్నా. చాతనైతదో లేదో ఈడనే తెల్వాలె,” అన్నాడు. మా ఇంగ్లీషు ఇంజనీరు శుక్రవారాలు మిత్రులతో తూర్పు తీరంలోని ఖోర్ ఫక్కాన్‌లో బాణాలు వేస్తాడని తెలిసి అడిగితే, రమ్మన్నాడు.

శుక్రవారం తెల్లవారగానే అక్కడి ఓడరేవుకు సామాను తీసుకెళ్తున్న కంపెనీ పికప్ ఎక్కాం. షార్జా, ధైద్ దాటాక ఇసుక పోయి కొండలొచ్చాయి. మసాఫీలో చాయ్, పరోటా ముగ్గురికీ కలిపి అయిదు దిర్హాములు. “ఒంటికంటితో గురి కుదురుతాదా సమ్మయ్యా?” అని అడిగాడు కడప నుంచి వచ్చిన మా డ్రైవర్ ఖాదర్ భాయ్.

“గురి జూసెటప్పుడు ఎట్లన్న ఒక కన్ను మూసుడే గద భాయ్,” అని సమ్మయ్య నవ్వాడు. ఆస్పత్రి నుంచి వచ్చాక అతను నవ్వడం అదే మొదలు.

ఇంజనీరు, ఆయన మిత్రులు అక్కడ మూడు రకాలుగా బాణాలు వేస్తారు. మొదటి రకం టార్గెట్. చదునైన మైదానం, రంగు వలయాల బోర్డు, దూరం కొలిచి సున్నంతో వేసిన గీత. వాళ్ల విల్లులకు గురి చూసే పరికరాలున్నాయి. సమ్మయ్య అవి వద్దని సాదా చెక్క విల్లు అందుకున్నాడు. రెండు బాణాలు పక్కకు పోయాయి, మిగతావన్నీ నడిమి పసుపులోనే దిగాయి. రెండోది క్లౌట్. ఎక్కడో దూరాన నేలలో పాతిన చిన్న జెండా దగ్గర పడేలా బాణాన్ని ఆకాశంలోకి వదలాలి. ఆ దూరం కూడా కొలిచిందే. అక్కడా మావాడు తీసిపోలేదు. గండం గడిచిందని నేను పొంగిపోయాను.

మూడోది ఫీల్డ్. ఎండిన వాగులో నడుస్తూ రాళ్ల మధ్య దాచిన బోర్డులను కొట్టాలి, దూరం ఎవరూ చెప్పరు. “ఇది మాదే అన్నా,” అని సమ్మయ్య ముందు నడిచాడు. మొదటి బాణం బోర్డుకు ఇవతలే రాయిని కొట్టుకుంది. రెండోది పైనుంచి ఎగిరిపోయింది. దూరం అంచనా కట్టడానికి రెండు కళ్లూ కావాలని మాకు అప్పుడు తెలిసింది. వాగు చివరిదాకా ఒక్కటీ తగల్లేదు. ఇంజనీరు చూడలేక, ఆఖరి బోర్డు ఇందాక మైదానంలో కొట్టినంత దూరమేనని వచ్చీరాని హిందీలో చెప్పాడు. ఈసారి బాణం నట్టనడుమ దిగింది. ఆయన షాబాష్ అన్నాడు.

సమ్మయ్య విల్లు ఆయన చేతిలో పెట్టేశాడు. “అడవిల దూరం ఎవలు జెప్తరన్నా?” అన్నాడు నాతో.

మైదానం దగ్గరే ఆగి వెనక్కి వచ్చేస్తే బాగుండేదని ఏళ్ల తరబడి బాధపడ్డాను. కాని తెలుసుకోవాలన్నది అతని పట్టుదల, తెలుసుకున్నాడు. తెలిసిన నిజం మేలంటారు గాని, ఆ రోజు నాకు ఆ మేలేమీ కనబడలేదు.

మీరు వెళ్లేటట్టయితే ఒక్క మాట. మనసు బాగాలేని మనిషి వెంట ఉంటే, తిరుగు ప్రయాణానికి ఖర్చయినా సరే టాక్సీ మొత్తం మాట్లాడుకోండి. ఖాదర్ భాయ్ రేవులోనే ఉండిపోవడంతో మేము షేరింగ్ టాక్సీలో సీట్లు తీసుకున్నాం. సమ్మయ్య ఇద్దరు తెలియనివాళ్ల మధ్య ఇరుక్కుని, కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి కూడా పైకి తీయలేక, దుబాయ్ దాకా ఏడుస్తూనే ఉన్నాడు.