సీలు వేయని ఫోను

యానాం పక్క జాలర్ల ఊరు దరియాలతిప్పలో పుట్టి సముద్రం పడనివాడు ఎవరైనా ఉన్నాడంటే అది వీరబాబే. పడవ రేవు దాటగానే అతనికి కడుపులో తిప్పేది. తోటివాళ్ళు ఒడ్డు కాపలాదారని ఎగతాళి చేసేవారు. అలాంటివాడు పెళ్ళి ఊరేగింపుల గుర్రాలవాళ్ళ దగ్గర గడ్డి వెయ్యడానికి చేరి, చివరికి సొంత గుర్రమే కొన్నాడు. టపాసుల మోతలో కూడా ఒక్క పెళ్ళికొడుకుని కింద పడెయ్యని చరిత్ర అతనిది. గోదావరి పోటెత్తి బండ్లు ఆగిపోయిన ఏడాది, మందుల పెట్టె జీనుకు కట్టుకుని అడవిపొలం ఊరి దాకా నీళ్ళలో వెళ్ళొచ్చింది అతనే. జెండా పండుగనాడు కదులుతున్న గుర్రం మీద నిలబడి సెల్యూట్ కొట్టింది కూడా అతనే. యానాంలో అంతకుముందు ఎవరూ చెయ్యలేదు ఆ పని.

అన్నీ సాధించినవాడికి ఒక్కటి మిగిలిపోయింది. గుర్రం మీద దారి వెతుక్కునే పోటీలో మొదటి స్థానం. మూడుసార్లు రెండోవాడిగా వచ్చాడు. ఆడగుర్రం చిట్టికి వయసు మీద పడింది. ఈ ఏడాది తర్వాత దూరాలు తిప్పొద్దని పశువుల డాక్టరు చెప్పేశాడు. మరో గుర్రం కొని, దాన్ని మళ్ళీ అంత వాటంగా మలచుకునే వయసు వీరబాబుకూ లేదు. గెలిస్తే ఇప్పుడే గెలవాలి.

గోదావరి లంకల్లో జరిగే ఆ పోటీ పద్ధతి వేరు. పొద్దున్నే ఒక గదిలో పెద్ద మ్యాపు పెడతారు. దాన్ని చూసి ఎవరి మ్యాపు మీద వాళ్ళు దారి గీసుకోవాలి. ఆ తర్వాత దిక్సూచి, గుర్రం, బుర్ర. దారి చూపించే వాచీలు పనికిరావు. తన ఫోను ఒక్కటి ఆపేసి, సీలు వేసిన కవరులో వెంట ఉంచుకోవచ్చు. ప్రాణం మీదకొస్తేనే ఆ సీలు చింపాలి. సీలు లేని ఫోను ఏది దొరికినా పోటీలోంచి తీసేస్తారు.

బయలుదేరే రోజు ఫోనుకు సీలు వేస్తారన్న సంగతి మాత్రం భార్య రామతులసికి చెప్పాడు.

"మూత బిగించేసిన ఫోను దేనికి మావా, దండెయ్యడానికా?" అంది ఆమె అన్నం మూట కడుతూ.

"రూలే అది."

"రూలు రాసినోళ్ళ ఇళ్ళల్లో ఎవరూ ఏటకెళ్ళరేమో."

రామతులసి తండ్రి ఒక తుఫాను ముందు చేపల వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. పడవలో ఫోను లేదు. వెతకడానికి పడవలు కదిలేసరికి ఆలస్యమైపోయింది. అప్పటినుంచి వాళ్ళ వీధిలో ఒక కట్టుబాటు. నీళ్ళ వైపు వెళ్ళే మనిషి అన్నం మూటలో పాలిథిన్ కవరు చుట్టి, రబ్బరు బ్యాండు వేసిన ఫోను ఉండాలి. వరుసగా మూడుసార్లు మోగినా ఎత్తకపోతే ఇంటి ఆడవాళ్ళు రేవుకు వెళ్ళి పడవలు తీయిస్తారు. ఇంకాసేపు చూద్దామని అక్కడ ఎవరూ అనరు.

పోటీ దగ్గర సామాను తనిఖీ చేసింది పెద్ద జడ్జి జేవియర్. సైన్యంలో గుర్రాలు చూసుకుని వచ్చిన మనిషి.

"వీరబాబు గారూ, వాచీ, ఇంకో ఫోను, ఏమైనా ఉన్నాయా?"

"ఏం లేవండీ. దిక్సూచి, అన్నం మూట. ఆయ్."

"అన్నానికి సీలెయ్యక్కర్లేదు లెండి," అని జేవియర్ నవ్వి పంపించేశాడు.

ఆ రోజు చిట్టి నడిచిన నడక చూసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. సరుగుడు తోటల్లో దారులన్నీ ఒకేలా ఉంటాయి. పోటీకొచ్చిన కుర్రాళ్ళు అక్కడే తిరుగుతుంటే వీరబాబు గాలిని, దిక్సూచిని సరిచూసుకుంటూ లంక చివరి గట్టెక్కాడు. ముందు ఎవరి గిట్టల గుర్తులూ లేవు. చివరి చెక్‌ పాయింటు ఒక్కటే మిగిలింది. అప్పుడే తూర్పున మబ్బు కమ్మి గాలి లేచింది.

జీను సంచిలో ఏదో మోగింది. చిట్టి చెవులు రిక్కించింది. మోత ఆగి మళ్ళీ మొదలయ్యేసరికి అతనికి అర్థమైంది. మూట విప్పాడు. అన్నం గిన్నె పక్కన, కవరులో చుట్టిన రామతులసి పాత బటన్ల ఫోను.

చుట్టూ మనిషన్నవాడు లేడు. గోదావరిలోకి విసిరేస్తే అడిగేవాడు లేడు. ఎత్తకుండా ఉన్నా పోటీ తన చేతిలోనే ఉంటుంది. కానీ రేవులో కుర్రాళ్ళు ఈ గాలిలో పడవలు తిప్పుతారు. తన కోసం.

మూడోసారి మోగగానే ఎత్తాడు.

"ఏడున్నావ్ మావా? రెండుసార్లు సేశాను, ఎత్తవేం?"

"గట్టు మీదే ఉన్నాను. రేవుకెళ్ళావా?"

"సెప్పులేసుకుంటన్నాను."

"విప్పెయ్. పడవలు తియ్యమని ఎవరికీ సెప్పమాకు."

అవతల చెప్పులు విడిచిన చప్పుడు. "ఇది ఎత్తినందుకు నిన్ను తీసేత్తారా?"

"ముందు లోపలికెళ్ళి తలుపేసుకో."

చివరి చెక్‌ పాయింటులో టార్పాలిన్ కింద, వచ్చినవాళ్ళ వివరాలు రాసే శ్రావణి కూర్చుంది. ఆమెకు స్వారీ నేర్పింది వీరబాబే. అతను గుర్రం దిగి ఫోను ఆమె ముందు పెట్టాడు.

"మోగింది. ఎత్తి మాట్లాడాను."

శ్రావణి దాన్ని అటూ ఇటూ తిప్పింది. "ఇందులో మ్యాపెక్కడుంటుంది బాబాయ్, టార్చిలైటు తప్ప? లోపలెట్టేయండి. నేను చూళ్ళేదు."

"చూశావు కదమ్మా."

"చూస్తే రాయాలి. మీకంటే ముందు ఇక్కడికెవరూ రాలేదు, తెలుసా?"

"తెలుసు. రాయి. సీలు లేని ఫోను అనుంది గానీ, మ్యాపున్న ఫోను అని లేదు రూల్లో."

వాన చినుకులు కాగితం మీద పడుతుంటే అరచెయ్యి అడ్డు పెట్టుకుని ఆమె రాసింది. తల ఎత్తకుండానే అడిగింది, "బండి పిలిపించనా?"

"చిట్టికి సగంలో ఆగడం అలవాటు లేదు."

లెక్కలో లేని ఆ మిగిలిన దారి కూడా వానలో పూర్తిచేశాడు. అందరికంటే ముందు గీత దాటాడు. జేవియర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మొదటి బహుమతి కాకినాడ కుర్రాడికి వెళ్ళింది.

ఇంటి దగ్గర రామతులసి వాకిట్లోనే ఉంది.

"గెలిచావా?"

"మొదటొచ్చాను. లెక్కలోకి రాలేదు."

ఆమె చిట్టికి దూరంగానే ఆగి, దాని కాళ్ళకేసి చూసింది. "తెలిసుంటే పెట్టేదాన్ని కాదని మాత్రం అనను మావా."

"అనొద్దు," అన్నాడు వీరబాబు. "పెట్టావు కాబట్టే పడవలు కదల్లేదు."

జీను విప్పి కింద పెట్టాడు. ఇక పోటీకి ఆ జీను బిగించే పని లేదని ఇద్దరికీ తెలుసు. గుర్రం దగ్గరికి రావడానికి ఎప్పుడూ జంకే రామతులసి ఆ సాయంత్రం బిందెతో నీళ్ళు తెచ్చి, కింద కూర్చుని, చిట్టి కాళ్ళకంటిన లంక బురద కడిగింది.