ఐదేళ్ళ ముందే అమ్ముడైన ద్రాక్షరసం

తిరుచానూరు అమ్మవారి పేరు పెట్టుకుని, ఆదివారం పొద్దున్నే ఏసుప్రభువు గుడి ఊడ్చే మనిషి తిరుత్తణి దగ్గరి కే.జీ.కండిగైలో ఒక్క అలిమేలమ్మే. బాప్తిస్మం నాడు పాస్టరు పేరు మారుస్తానంటే, కొత్త పేరుతో పిలిస్తే పలకడం మరిచిపోతానని చెప్పి తప్పించుకుంది. అసలు చిక్కు మొగుడితో వచ్చింది. రైలు పట్టాల గ్యాంగులో పనిచేసే ఆయన పేరు కూడా ఏసే. మొగుడి పేరు నోటితో పలకకూడదు గనుక ఆమె ప్రార్థన ఎప్పుడూ "మా ఇంటాయన పేరుగల సామీ" అనే మొదలయ్యేది. గుడి నవ్వేది. ఆమె కూడా నవ్వేది.

వారానికి ఆరు రోజులు నాట్లు, కలుపు, కోతలు. అదంతా సుందరరాజులు పొలంలోనే. ఆయన మాజీ పంచాయతీ అధ్యక్షుడు, ఊరిలో ముప్పై ఎకరాల మాగాణి ఆసామి.

పందొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో, కోతలప్పుడు ఎండ తగిలి ఆమె గట్టు మీద కూలబడింది. సుందరరాజులు స్వయంగా చెంబు తెచ్చాడు. తెచ్చి, మూరెడు ఎత్తు నుంచి ఆమె దోసిట్లోకి నీళ్ళు వంచాడు. చెంబుకి ఆమె చెయ్యి తగలకూడదు. సగం నీళ్ళు ముక్కులోకి పోయి దగ్గుతూ దగ్గుతూ ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. ఈ మనిషి ఎప్పటికైనా తన ఎంగిలి గ్లాసులో తాగాలి. బలవంతం కాదు, వేడుకోలు కాదు. తనంతట తానే నడిచొచ్చి, నలుగురి ముందు తాగాలి.

అలిమేలమ్మ తల్లి తిరువళ్ళూరులో దొరల మిషన్ బంగళాలో వంట చేసేది. నల్ల ద్రాక్ష పిసికి, చక్కెర వేసి, జాడీలో పులియబెట్టి, వడగట్టి సీసాల్లో నింపడం కూతురికి అక్కడ నుంచే అబ్బింది. ఏడాదికొక జాడీ గుడి ప్రభురాత్రి భోజనానికి చేసేది. అప్పట్లో మద్యనిషేధం. గుడి జాడీ జోలికి పోలీసులు రారని ఊరి నమ్మకం. తాగుడు మానండని వేదికలెక్కి గొంతు చించుకునే సుందరరాజులుకీ అదే నమ్మకం.

డెబ్బై తొమ్మిదిలో తిరుత్తణి సంతలో ద్రాక్ష చవకైంది. కొనడానికి అలిమేలమ్మ దగ్గర డబ్బు లేదు. ఊరి బడి వాద్యారు జగన్నాథన్‌తో ఒక మాట అంది. సీసాకి కిలో రేషను చక్కెర, మూడు రూపాయలు ఇప్పుడిచ్చినవాళ్ళకి, ఐదేళ్ళు ఇసుకలో పాతిపెట్టిన ఎర్ర ద్రాక్షరసం ఇస్తుంది. అంత వయసున్న సీసా మద్రాసు హోటళ్ళలో వంద పలుకుతుందని వాద్యారు చెప్పేసరికి సుందరరాజులు నాలుగు సీసాలకి ముందే కట్టాడు. వాద్యారు ఒకటి.

అయితే రాజులుకి అనుమానం జాస్తి. ఐదేళ్ళు పాతిన సరుకులో ఏముంటుందో? చేసినామె తన కళ్ళ ముందు తాగి చూపాకే తాను ముట్టుకుంటానని కాగితం మీద రాయించాడు. అలిమేలమ్మ ఆ కింద ఇంకో రెండు పంక్తులు రాయమంది. కొన్నవాళ్ళు ఆమె ఇంటికి స్వయంగా వచ్చి, రుచి చూసి, బాగుందో లేదో అక్కడే చెప్పాలి, అప్పుడే సీసాలు చేతికొస్తాయి. ఆ తర్వాత పేచీ పనికిరాదు. న్యాయమే గదా అనుకుని ఆయన సంతకం చేశాడు.

ఎనభై నాలుగు ఈస్టరు మరునాడు మధ్యాహ్నం ఏసు ఇసుక తవ్వి, ద్రాక్షరసం నింపిన పాత టానిక్ సీసాలు బయటికి తీశాడు. అలిమేలమ్మ ఒక్కో సీసా మైనం మూత తడిమి చూసింది. పులిసి చెడిపోయి ఉంటే ఊరి నవ్వు ఒక ఎత్తు, ఐదేళ్ళ పథకం మట్టిపాలవడం ఒక ఎత్తు. వాద్యారు గడపలో చాప మీద కూర్చున్నాడు. సుందరరాజులు వాకిట్లో నిలబడ్డాడు. పంచె మడతలోంచి వెండి గ్లాసు తీశాడు. తనదే, ఇంటి నుంచి తెచ్చుకున్నది. ఇది ఆమె ఊహించని ఎత్తు.

మైనం గీకి, మడ్డి కదలకుండా గాజు గ్లాసులోకి నెమ్మదిగా వంచింది. ఆ ఇంట్లో గాజు గ్లాసు అదొక్కటే. కాగితం ప్రకారం తాను ముందు తాగింది. నాలుక మీద ఎండిన నేరేడు పండు వగరు, వెనకనుంచి తేనె లాంటి తీపి, గొంతులో చిన్న వెచ్చదనం. చెడలేదు. లోపల గంట మోగింది గానీ ముఖం మామూలుగానే పెట్టుకుంది.

రాజులు వెండి గ్లాసు చాచాడు.

"వెండిలో రంగు యాడ కనిపిస్తాదయ్యా?" అంది. "రంగు చూడకుండా రుచి చెప్పేదెట్టా? మా అమ్మ దొరలకాడ నేర్చిందే అది."

వాద్యారు గ్లాసు అందుకుని వెలుతురుకెత్తి చూశాడు. ఎరుపు కాస్తా ఇటుక రంగులోకి తిరిగింది. ఒక క్షణం తటపటాయించి గటుక్కున తాగేశాడు. తర్వాత గ్లాసు బోర్లించి చివరి చుక్క కూడా నాలుక మీద వేసుకున్నాడు. ఆ చుక్క రాజులుని తినేసింది.

"సరి, ఆ గ్లాసే కడిగియ్యి మే," అన్నాడు.

"కడుగుతా సామీ. కడిగేది నా ఇంటి నీళ్ళతోనే గదా."

వాద్యారుకి దగ్గు వచ్చింది. ఏసు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. రాజులు నాలుగు సీసాల వైపు చూశాడు, వీధి వైపు చూశాడు. అప్పటికే నాట్లకి పోయే ఆడవాళ్ళు ఆరుగురు ఆగి చోద్యం చూస్తున్నారు. వెనక్కి పోతే నాలుగు కిలోల చక్కెరతో పాటు ఐదేళ్ళ ఆశా పోతుంది.

కులం అనేది ధర్మం అనీ, పూర్వజన్మ ఫలం అనీ పెద్దలు చెబుతుంటారు. ఆ వాకిట్లో చూసినవాళ్ళకి అది ఒక నాలుక మీద నీళ్ళూరేదాకా మాత్రమే నిలిచింది.

అలిమేలమ్మ మళ్ళీ పోసింది, సుందరరాజులు కడగని గ్లాసే అందుకున్నాడు. అందుకుని, పెదవి తగలకుండా ఎత్తి పోసుకోబోయాడు.

"పైనించి పోసుకుంటే ముక్కులోకి పోతాదయ్యా, నాకు తెలుసు," అంది అలిమేలమ్మ, చాలా ఆదరంగా.

ఆయన ఆమె కళ్ళలోకి చూశాడు. ఏళ్ళ తరబడి తన పొలంలో వంగి పనిచేసిన మనిషి కళ్ళు ఏ రంగో ఆయనకి అప్పటిదాకా తెలియదు. గ్లాసు దించి, అంచుకి పెదవి ఆనించి తాగాడు. కళ్ళు మూతలు పడ్డాయి.

"బాగుండాదా లేదా, చెప్పాల గదా," అంది ఆమె.

"బాగుండాది," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, ఈ సంగతి మా వీధికి చేరకూడదు అన్నాడు. వచ్చే జాడీలో పది సీసాలు తనకే రాసుకోమని కూడా అన్నాడు.

"రాసుకుంటా. అయితే వచ్చేతూరి రుచి చూసేది మీ నట్టింట్లో. నేనూ ఆడనే కూసుంటా."

రాజులు గ్లాసు మళ్ళీ చాచాడు. అలిమేలమ్మ సరిగ్గా సగం వరకు పోసి సీసా నిలబెట్టేసింది.

"మిగతా సగం ఆడ తాగుదాం," అంది.