పసుపుగా మెరిసిన కన్ను

ఇప్పటిదాకా నా మాట ఎవరూ పట్టించుకోలేదు. మా స్కూల్లో కంటి పరీక్షల క్యాంపు పెట్టిన డాక్టరుగారికి మూడు ఉత్తరాలు రాశాను. మొదటిది స్వయంగా ఇచ్చి, కాపీ మీద ముద్ర కూడా వేయించుకున్నాను. ఒక్కదానికీ జవాబు లేదు.

ఇదంతా మొదలైనప్పుడు మా అమ్మాయికి ఐదేళ్లు. మట్టల ఆదివారం నాడు మండపేటలో మా చర్చి లోపల మట్ట పట్టుకుని నిలబడితే ఫ్లాష్ వేసి ఫోటో తీశాను. కుడి కన్ను అందరికీ పడినట్టే ఎర్రగా పడింది. ఎడమ కన్ను పసుపుగా మెరిసింది. అప్పటికే ఆ కన్ను కాస్త పక్కకు తిరిగి ఉండేది. అది చూసి మా అత్తగారు మురిసిపోయేవారు.

"మెల్లకన్ను అదృష్టమండి అల్లుడుగారూ! డాక్టర్ల చుట్టూ తిప్పి పోగొట్టకండి."

"అంత అదృష్టం మీ అబ్బాయికి రాలేదేమండీ?" అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆవిడకైతే తెలియదు, డాక్టరుకు తెలియాలి కదా. నేను పాఠాలు చెప్పే స్కూలుకే క్యాంపు వస్తే, అమ్మాయినీ ఫోటోనీ తీసుకెళ్లాను. కుడి కన్ను మూసుకుని ఎడమ కంటితో చార్టు చదవమన్నారు డాక్టరుగారు. అది అరచెయ్యి అడ్డం పెట్టుకుని, వేళ్ల సందుల్లోంచి చూసి గడగడా చదివేసింది.

"సందుల్లోంచి చూస్తోందండి," అన్నాను.

"మాస్టారూ, ఇక్కడ డాక్టరు మీరా, నేనా?"

"పోనీ, ఈ ఫోటో చూడండి."

"అది ఫ్లాష్ అండి. ఫోన్ మార్చండి!"

తోటి టీచర్లు నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది. కార్డు మీద నార్మల్ అని రాసిచ్చారు. నేనూ ఆ కార్డును నమ్మి తొమ్మిది నెలలు ఊరుకున్నాను. ఆ తప్పు నాది, ఇంకెవరి మీదా తోయను.

ఒకరోజు కుడి కంట్లో నలక పడి అమ్మాయి ఆ కన్ను మూసుకుంది. ఎదురుగానే ఉన్న నన్ను, "నాన్నా, ఎక్కడున్నావ్?" అని అడిగింది.

మర్నాడే రాజమండ్రి తీసుకెళ్లాను. అక్కడి డాక్టరమ్మ చుక్కలు వేసి లోపలిదాకా చూశారు.

"రెటీనాలో రక్తనాళాలు ఉబ్బి, నీరూ కొవ్వూ కారి పేరుకున్నాయండి. ఫోటోలో పసుపుగా మెరిసింది ఆ కొవ్వే. పిల్లల్లో అరుదుగా వస్తుంది. లేజర్‌తో ఆ నాళాల్ని మూసేద్దాం. కన్ను నిలబెట్టడానికి చూస్తాను. పోయిన చూపు తెస్తానని మాత్రం చెప్పలేను. ముందే రావాల్సిందండి."

మత్తు ఇచ్చి రెండుసార్లు లేజర్ చేశారు. కన్ను నిలిచింది. ఆ కంటికి వెలుతురు తెలుస్తుంది, నా ముఖం తెలియదు.

వచ్చే వారం మా స్కూల్లో మళ్లీ అదే క్యాంపు అని నోటీసు పెట్టారు. డాక్టరుగారూ, మీ క్షమాపణ నాకు అక్కర్లేదు. పసుపుగా మెరిసిన కన్ను మీ ముందు పెట్టినా, చుక్కలు వేసి చూడకుండా నార్మల్ అని ఎలా రాశారు? ఈసారి కూడా అలాగే రాస్తారా? పిల్లల్ని వరసలో నిలబెట్టకముందే జవాబు చెప్పండి.