చెక్కగోడ అవతలి ఏడుపు

మొన్న నా మనవరాలు బెజవాడలో గది తీసుకుని, ఫోన్లో బొమ్మ చూపించింది. "స్టేషన్‌కి దగ్గర, పాతకాలం బిల్డింగు, రేటు కూడా తక్కువే అమ్మమ్మా," అంది. చూడగానే గుర్తుపట్టాను. రంగులు వేసి, గుమ్మంలో పూలకుండీలు పెట్టి దాని వయసు దాచడానికి నానా తిప్పలూ పడ్డారు గానీ, ఆ చెక్కమెట్లు అవే. డెబ్భైల్లో ఒక పొద్దున ఆ మెట్లు దిగేటప్పటికి నా వోణీ సగం లేదు, మా నాన్న పెదవి రెండుగా చీలి ఉంది.

నాకప్పుడు పద్దెనిమిదేళ్లు. నర్సు ట్రైనింగుకి పిలుపొచ్చింది. బెజవాడలో పొద్దున పదింటికి ఇంటర్వ్యూ. అది తప్పితే ఈ ఏడే పెళ్లి చేసేస్తానని అమ్మ ముందే చెప్పేసింది. తిరువూరులో పొద్దుటి బస్సుని నమ్ముకుంటే అది దారిలో చెడి ఎ.కొండూరు దగ్గరే ఆగిపోవచ్చని నాన్న నన్ను ముందురోజే బయల్దేరదీశాడు. రాత్రికి ఈ లాడ్జిలోనే దిగాం. తెల్లదొరల కాలంనాటి ఆ మేడలో పెద్దపెద్ద హాళ్లకి చెక్కలు అడ్డం కొట్టి గదులు చేశారు. అందుకే చవక. చెక్కగోడ పైకప్పుదాకా పోదు కాబట్టి పక్కగదివాళ్ల తుమ్ములు కూడా మన అద్దెలోకే వస్తాయి. నాన్న మిషన్ బడిలో మాష్టారు. చీమకైనా హాని తలపెట్టని మనిషని ఊళ్లో పేరు. సినిమాలు, నాటకాలు సాతాను పనులని ఆయన నమ్మకం. మా ఇంట్లో ఒక్కరు కూడా నాటకమన్నది చూసిన పాపాన పోలేదు. ఆ రోజు మా కొంప ముంచింది అదే.

మర్నాడు పొద్దున ఆరు దాటింది. నాన్న మంచం మీద కూర్చుని బైబిలు చదువుకుంటున్నాడు. అవతలి గదిలో ఫెళ్లుమని చెంపదెబ్బ, వెంటనే ఆడమనిషి ఏడుపు. "కొట్టకండీ, మీ కాళ్లు పట్టుకుంటాను, చచ్చిపోతానండీ!" మళ్లీ దెబ్బ. నాన్న బైబిలు మూసి పక్కన పెట్టాడు. మూడో దెబ్బ వినపడగానే లేచి, దోమతెర కట్టే ఇనప ఊచ ఊడబెరికాడు. "నువ్వు గడియ వేసుకో," అన్నాడు. నేను వేసుకోలేదు, వెనకే పరిగెత్తాను. ఒక్క తన్నుకి తలుపు ఊడి లోపల పడింది. చీర కట్టుకున్న మనిషి నేలమీద ఉంది. ఎదురుగా ఒకడు బెల్టు ఎత్తి నిలబడ్డాడు. నాన్న ఊచ ఎత్తాడు. మొదటి దెబ్బకి వాడి ముంజేతి ఎముక పటుక్కుమంది. రెండో దెబ్బకి కనుబొమ్మ చిట్లి, రక్తం కళ్లలోకి కారింది. మూడోది వెయ్యబోతుంటే కిందున్న ఆడమనిషి లేచి, "ఎవడ్రా నువ్వు!" అని బొంగురు మగగొంతుతో అరిచి నాన్న నడుం పట్టుకుంది. చీర జారితే లోపల చారల లుంగీ. అయినా నాన్న ఆగలేదు. ఇంకో ముగ్గురు వచ్చి ఆయన్ని కింద పడేసి డొక్కల్లో తన్నారు, మూతి మీద గుద్దారు. కళ్లద్దాలు నుగ్గయ్యాయి. నేను ఒకడి చెయ్యి కరిచి, నోట్లో రక్తం తగిలేదాకా వదల్లేదు. భయం వేయలేదు, కోపమే వేసింది, చెప్పడానికి సిగ్గెందుకు.

"నాటకం మాష్టారూ! రిహార్సల్ వేసుకుంటున్నాం! సాయంత్రం పోటీ ఉంది మాకు!" అని చీరలోని మనిషి నెత్తీ నోరూ బాదుకున్నాడు. లాడ్జి మేనేజరు పరిగెత్తుకొచ్చి, పోలీసులు వచ్చేదాకా మమ్మల్ని కదలనివ్వనన్నాడు. పదింటి ఇంటర్వ్యూ ఇక పోయినట్టే అనుకున్నాను. చేతులు ఊరికే ఉండలేక నాటకం కాగితాల కట్టనే దన్నుగా పెట్టి, వోణీ చింపి ఆ దెబ్బతిన్న నటుడి చేతికి కట్టు కట్టాను. నా మొదటి పేషెంటు ఆయనే. ఆయన నెత్తురు తుడుచుకుంటూ నాన్నని అడిగాడు. "అంత పగేంటండీ? ఆ ఏడ్చినావిడ మీకేమవుతుందనుకున్నారు?"

"మా చెల్లెలండి," అన్నాడు నాన్న.

మా మేనత్త నా ఏడో ఏట కామెర్లతో పోయిందని మాకు చెప్పారు. విస్సన్నపేటలో మొగుడు కొట్టిన దెబ్బలకి పోయిందని ఆ గదిలో, ముక్కూ మొహం తెలియనివాళ్ల మధ్య, నాన్న నోటే విన్నాను. ఆ నటుడు, "ఆ రోజు మీరక్కడ ఉండుంటే బతికేదేమోనండి," అన్నాడు.

"ఉన్నానండి. పక్కగదిలోనే పడుకున్నాను. మొగుడూ పెళ్లాల గొడవ, మనకెందుకులే అని దుప్పటి కప్పుకున్నాను."

ఆ తర్వాత ఎవరూ పోలీసుల మాట ఎత్తలేదు. "అమ్మాయిని టైముకి తీసుకెళ్లండి మాష్టారూ," అన్నది ఆ నటుడే. సాయంత్రం వాళ్ల నాటకం పడలేదు. నాకు సీటు వచ్చింది. ఆ రెండూ కలిపి తలుచుకుంటే ఇప్పటికీ నాకు పూర్తిగా సంతోషం కలగదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ "మెట్ల మీద పడ్డానండీ" అనే ఆడవాళ్లకి ఎన్ని కట్లు కట్టానో లెక్కలేదు. మీ నాన్నని క్షమించావా అని ఎవరైనా అడిగితే పూటకో మాట చెబుతాను. పక్కగదిలోకి వెళ్లడానికి ఆయనకి పదకొండేళ్లు పట్టింది. అప్పటికి అక్కడ అత్త లేదు.