సిమెంటా, గమ్మా?

చొప్పదండిలో తోడికోడలు మహిమ తన హాల్లో తెల్లటి టైల్స్ వేయించిన నాటి నుంచి ప్రేమమ్మ కడుపు కుతకుత ఉడుకుతూనే ఉంది. ఆదివారం చర్చి నుంచి వచ్చినవాళ్లంతా ఆ నేలనే పొగిడారు. మర్నాడే ప్రేమమ్మ టైల్స్ దుకాణానికి వెళ్లి, తన హాల్లోని పాత టైల్స్ మీద వేయడానికి అంతకన్నా పెద్దవి చూపించమంది.

"పాత టైల్స్ మీదనే ఏపిస్తవా అక్కా? అవి నున్నగుంటయి, సిమెంటు పట్టది. టైల్స్ మీద టైల్స్ అతికే గమ్ము తీస్కపో," అన్నాడు దుకాణం నిరంజన్.

"మా మహిమ గమ్ము ఏపించిందా?"

"లేదు. వాళ్లది గరుకు గచ్చు నేల, సిమెంటు సాలింది."

"ఆమెకు సాలింది నాకు సాలదా?" అని ప్రేమమ్మ సిమెంటుతోనే వేయించింది.

వానాకాలం వెళ్లేలోపే టైల్స్ లేచి, అడుగు వేస్తే డబడబమన్నాయి. మహిమ కంట పడకూడదని ప్రేమమ్మ వాటి మీద చాపలు పరిచింది. కానీ మహిమ వచ్చి చాప మీద కాలు పెట్టగానే చప్పుడు వినిపించింది. ఇక నవ్వుతుందని ప్రేమమ్మ మొహం తిప్పుకుంది.

మహిమ నవ్వలేదు. కొంగు దోపుకొని, ఊడిన టైల్స్ తీయడానికి కూర్చుంది. ఈసారి గమ్ముతో వేయించారు. నేల గట్టిగా నిలిచింది.

"అక్కా, నీ హాలు సూస్తుంటే నా కండ్లు మండుతున్నయే!" అంది మహిమ.

ఎన్నాళ్లకో ఆ పూట ప్రేమమ్మకు అన్నం సయించింది.