అచ్చులో పుట్టిన పార్కు

మొన్న సోమవారం మా ఊరి మున్సిపల్ కౌన్సిల్ ఒక తీర్మానం చేసింది. లారీ స్టాండు వెనక ఉన్న స్థలాన్ని కొత్త మాస్టర్ ప్లాన్‌లో దుకాణాల స్థలంగా కాక పార్కుగా చూపాలన్న అంశాన్ని అధ్యక్షురాలు చదివి, అభ్యంతరాలున్నాయా అని అడిగి, ఎవరూ లేవకపోవడంతో ఆమోదమని చెప్పి తరువాతి అంశంలోకి వెళ్ళిపోయారు. అంతా కలిపి కప్పులో టీ చల్లారేటంత సేపు కూడా పట్టలేదు. వెనక వరుసలో సందర్శకుల కుర్చీలో కూర్చున్న నాకు మాత్రం ఏళ్ళ తరబడి మోస్తున్న మూట దించినట్టయింది. ఎందుకంటే ఆ పార్కు మా ఊళ్ళో ఉండబట్టి ముప్పై ఏళ్ళ పైమాటే. దాన్ని కౌన్సిల్ మంజూరు చేసిందని మొదటిసారి పేపర్లో రాసింది నేనే. ఆ రోజు నేను రాసింది నిజం కాదు.

నా పక్క కుర్చీలో ఒక విలేకరి అమ్మాయి కూర్చుని ఉంది. అధ్యక్షురాలి నోట మాట పూర్తయ్యేలోపే ఫోన్లోంచి వార్త పంపేసింది. తరువాతి అంశం కూడా ముందే రాసి, చివర ఆమోదం అన్న మాట చేర్చి, వేలు ఆనించడమే తరువాయిగా పెట్టుకోవడం చూసి ఉండబట్టలేక, సభ ముగిసేదాకా ఆగమ్మా అన్నాను. "అజెండాలో ఉందిగా బాబాయ్ గారూ" అని నవ్వింది. ఆ నవ్వులో తప్పేమీ లేదు. ఆ వయసులో నేనూ సరిగ్గా అదే మాట అన్నాను.

ఆ రోజుల్లో మాలాంటి చిన్న ఊళ్ళ విలేకర్లకు ఫోన్లో వార్త చెప్పే వీలు లేదు. కాగితాల మీద రాసి, కవర్లో పెట్టి, మాచర్ల నుంచి గుంటూరు వెళ్ళే సాయంత్రం నాలుగు గంటల బస్సు కండక్టరు చేతికి ఇచ్చేవాళ్ళం. ఆయన దాన్ని గుంటూరు బస్టాండులో పేపరువాళ్ళ పెట్టెలో వేసేవాడు. బస్సు తప్పితే వార్త తప్పినట్టే. కౌన్సిల్ సమావేశమేమో పదకొండింటికని కాగితం మీద ఉన్నా, సభ్యులు ఒక్కొక్కరే వచ్చి, ఒకరి పొలం సంగతి ఒకరు అడిగి, మిరపకాయ బజ్జీలూ టీలూ అయ్యాక మూడింటికి గానీ మొదలయ్యేది కాదు. అందుకని మాలో ఒక అలవాటు స్థిరపడిపోయింది. పొద్దున్నే హెడ్ గుమాస్తా దగ్గర అజెండా కాగితం తీసుకుని, అందులోని అంశాలన్నీ ఏకగ్రీవంగా ఆమోదం పొందినట్టు మధ్యాహ్నానికే రాసేసి, కవరు బస్సుకిచ్చి, తీరిగ్గా వచ్చి సమావేశంలో కూర్చునేవాళ్ళం. నాకు పని నేర్పిన పెద్దాయన, ఇంకో పేపరుకు రాసే మనిషి, అజెండా అంటే పెళ్ళి శుభలేఖ లాంటిదిరా, అచ్చయ్యాక ముహూర్తం తప్పదు అనేవాడు. నిజంగానే, నేనెరిగిన అన్నేళ్ళలో ఒక్క అంశం వెనక్కి పోలేదు. గుమాస్తా చదవడం, అందరూ కలిసి ఆమోదం అనడం, అంతే.

లారీ స్టాండు వెనకున్న స్థలం అప్పటికి ఉత్త రాళ్ళగుట్ట. సున్నపురాయి తేలిన నేల, ఎండాకాలం దాని మీద నడిస్తే చెప్పుల్లోంచి కూడా కాలేది. దాచేపల్లి వైపు నుంచి సిమెంటు లోడుతో వచ్చే లారీలు ఆ పక్కనే ఆగేవి కాబట్టి ఆ స్థలం మూలన ఒక రేకుల షెడ్డు వేసుకుని లారీలు బాగుచేసే మెకానిక్ ఒకాయన ఉండేవాడు. మా ఇంటి పక్క ఇల్లే ఆయనది. మా అమ్మను అక్కా అనేవాడు కాబట్టి నాకు మామ. ఆయన భార్య నాకు అత్త. రంజాన్ నెలలో వాళ్ళింటి గంజీ మా ఇంటికి రాని రోజు ఉండేది కాదు.

మున్సిపాలిటీ పుస్తకాల్లో ఆ స్థలం దుకాణాల కోసమని ఉంది. అక్కడ వరసగా గదులు కడతారనీ, మొదటి గది ఎప్పటినుంచో అక్కడే ఉన్న మామకే ఇస్తారనీ అందరూ అనుకునేవాళ్ళు. మామ కూడా ఆ గదికి ఏ రంగు వేయించాలో అప్పటికే తేల్చుకున్నాడు. అంతలో మా వీధి ఆడవాళ్ళు, ముందు నడిచింది మా అమ్మే, పిల్లలకూ ముసలివాళ్ళకూ సాయంత్రం కూర్చోవడానికి గుప్పెడు నీడ లేదు, ఆ స్థలం పార్కు చేయండని అర్జీ పెట్టాలనుకున్నారు. సంతకానికి మామ దగ్గరికే వెళ్ళారు. ఆ మధ్యాహ్నం నేనూ అక్కడే ఉన్నాను. మామ చేతి గ్రీజు గుడ్డకు తుడుచుకుంటూ పెద్దగా నవ్వాడు.

"పార్కంట! కౌన్సిలోళ్ళు నీళ్ళ పంపే ఏయలా, పార్కేస్తారా అక్కా? పేపర్లో పడ్డ రోజు చెప్పండి, నా రేకులు నేనే దింపుతా."

"మాట మీద ఉంటావా తమ్ముడూ?" అంది మా అమ్మ.

"సాయంత్రానికి బండి రోడ్డెక్కుద్దంటే ఎక్కాల్సిందే. నా మాట తెలీదా నీకు?"

అలా అని సంతకం కూడా పెట్టాడు. ఎలాగూ జరగదన్న ధీమా.

అర్జీ కదిలి కదిలి ఒకనాటికి అజెండాలోకి ఎక్కింది. నేను ఎప్పటిలాగే మధ్యాహ్నానికి రాసేశాను. మా వీధి సంగతి కదా అని నాలుగు ముక్కలు ఎక్కువే రాసి, కవరు కండక్టరుకిచ్చి, బస్టాండులో ఎవరో కనబడితే మాటల్లో పడి, ఆ రోజు సమావేశానికి తిరిగి వెళ్ళనే లేదు. వెళ్ళి ఉంటే తెలిసేది. సరిగ్గా ఆ అంశం దగ్గరే ఒక సభ్యుడు లేచి, మరి దుకాణాలు ఎక్కడ కడతామని అడిగాడట. సమాధానం ఎవరి దగ్గరా లేక అంశాన్ని వాయిదా వేశారట.

మర్నాడు పొద్దున పది గంటలకు టీ కొట్టు దగ్గర హెడ్ గుమాస్తా కనబడి, ఏమయ్యా, నిన్న వాయిదా పడిన పార్కును నువ్వెట్లా ఆమోదించావు అని అడిగాడు. చేతిలో గ్లాసు అక్కడే పెట్టి పరుగెత్తాను. నాకు గుర్తొచ్చింది కౌన్సిల్ కాదు, నా పేపరూ కాదు, మామ రేకులు.

నేను వెళ్ళేసరికి షెడ్డు మీద ఒక్క రేకు లేదు. దింపిన రేకులన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. మామ గుంజలు పెకలిస్తున్నాడు. పక్కన నిలబెట్టిన ఇంజను ఎండలో మెరుస్తోంది. ఆడవాళ్ళు అప్పటికే కానుగ మొక్కలతో, బిందెలతో దిగారు. అత్త మాత్రం పనిముట్ల పెట్టె మీద కూర్చుని పేర్చిన రేకులు లెక్కపెడుతోంది. మామను పక్కకు పిలిచి ఉన్న సంగతి చెప్పాను. ఆయన గడ్డపారను నేలలో దించి నా వైపు తిరిగాడు.

"ఏంది అల్లుడూ, చూడకుండానే రాశావా?"

అవునన్నాను.

"నేను చూడకుండా ఇంజను ఇప్పితే లారీవోడు ఊరుకుంటాడా?" అన్నాడు. ఆ తరువాత రేకుల వైపు చూసి, "దింపేటప్పుడు రెండు గంటలు పట్టింది. ఎక్కించాలంటే చానా పని. అయినా ఊరంతా చూశాక ఎక్కిస్తే నన్ను చూసి నవ్వుతారు, నిన్ను చూసీ నవ్వుతారు. పో, ఆడోళ్ళకు నువ్వే చెప్పు, నేను చెప్పను" అన్నాడు.

వెళ్ళి చెప్పాను. మా అమ్మ నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. అయినా ఆమె చేతిలోని మొక్కను దించలేదు. "వాయిదా అంటే లేదని కాదుగా? వాళ్ళు మళ్ళీ కూర్చునేలోపు ఇది వేళ్ళూనుకుంటుంది" అని గుంతలో పెట్టి మట్టి తొక్కింది. మిగతావాళ్ళూ తొక్కారు. మామ గుంజలు తీసిన గుంతల్లోనే మొదటి నాలుగు మొక్కలు పడ్డాయి. కొత్తగా తవ్వాల్సిన పని లేకపోయింది.

తప్పు దిద్దుతూ ఆ సాయంత్రమే ఇంకో కవరు పంపాను. పేపరువాళ్ళు దాన్ని లోపలి పేజీ అడుగున మూడు వరుసల్లో వేశారు. ఊళ్ళో ఒక్కరు కూడా చదవలేదు. ఈలోగా కౌన్సిల్ సభ్యులు ఏ వీధిలో కనబడినా మంచి పని చేశారని జనం దణ్ణం పెట్టడం మొదలుపెట్టారు. దుకాణాల సంగతి అడిగిన సభ్యుడికి కూడా ఎవరో దండ వేశారట. వేసిన దండ తీసి, నేను అడ్డుపడ్డానండీ అని ఏ మనిషి చెబుతాడు? ఆ అంశం మళ్ళీ అజెండాలోకి రాలేదు. తెచ్చేవాళ్ళు లేరు, తీసేవాళ్ళూ లేరు. కొన్నాళ్ళకు మున్సిపాలిటీయే నీళ్ళ పంపు వేసి, చుట్టూ గోడ కట్టింది.

మామ బైపాస్ పక్కన మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఒకటి రెండేళ్ళు పని లేక ఇబ్బంది పడ్డ మాట నిజం. తరువాత లారీలే ఊళ్ళోకి రావడం మానేసి బైపాస్ పట్టడంతో నిలదొక్కుకున్నాడు. నన్ను ఒక్కనాడూ తిట్టలేదు, కానీ వదలనూ లేదు. ఎప్పుడు ఎదురుపడినా నలుగురిలో ఆపి, "అల్లుడూ, ఇయ్యాల ఏ ఊళ్ళో పార్కేశావ్?" అనేవాడు. పాత లారీ తొట్టి చెక్కలతో, కాళ్ళకు లారీల కింద విరిగిన ఇనప కమాను పట్టీలు అతికి, ఒక బల్ల చేసి పార్కులో తన షెడ్డు ఉన్న మూలనే వేశాడు. సాయంత్రం పని ముగించుకుని దాని మీద కూర్చుని, పిల్లలు మొక్కలెక్కితే గదమాయించేవాడు. ఆ రోజు తరువాత నేను చూడని సమావేశం గురించి ఒక్క అక్షరం రాయలేదు. ఎన్నిసార్లు బస్సు తప్పిపోయిందో లెక్క లేదు. మామ పోయి చాలా ఏళ్ళయింది. బల్ల ఉంది. చెక్కలు రెండుసార్లు మార్చారు గానీ కమాను కాళ్ళు అవే.

ఈ ఏడు కొత్త మాస్టర్ ప్లాన్ ముసాయిదా పటాన్ని మున్సిపల్ ఆఫీసు గోడకు తగిలించి, అభ్యంతరాలుంటే చెప్పమన్నారు. చూద్దామని వెళితే మా పార్కు మీద దుకాణాల నీలిరంగు. పటం గీసినవాళ్ళ తప్పేమీ లేదు, పాత పుస్తకాల్లో ఉన్నదే గీశారు. ఏ కౌన్సిలూ ఏనాడూ దాన్ని మార్చలేదు కదా. అత్త దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఇప్పుడు ఆమెకు చూపు తగ్గింది, కొడుకు దగ్గర బైపాస్ వీధిలో ఉంటోంది. "ఈసారన్నా నిజంగా జరిగిందే రాయి" అని నా చేత అర్జీ రాయించి, వేలిముద్ర వేసింది. సోమవారం కౌన్సిల్ ముందుకు వచ్చింది ఆ అర్జీయే.

ఆ సాయంత్రం వెళ్ళి తీర్మానం సంగతి చెబితే, "సబ అయిపోయిందాకా కూర్చున్నావా?" అని అడిగింది. కూర్చున్నానన్నాను. "అయితే నమ్మొచ్చు" అంది.

తిరిగి వస్తూ ఆ బల్ల మీద కాసేపు కూర్చున్నాను. కానుగలు గోడ దాటి రోడ్డు మీదకు నీడ పరిచాయి. ఇప్పుడు కవర్లు లేవు, కండక్టరు దయ లేదు, వార్త చేతిలోంచే ఎగిరిపోతుంది. కానీ పేపర్లో పడిందంటే రేకులు దింపే మనుషులు మాత్రం లేరు. అచ్చును అంతగా నమ్మిన కాలం మాది. ఆ నమ్మకం పోవడంలో నాలాంటివాళ్ళ పాలు కూడా ఉందేమో. అయినా ఆ నీడలో కూర్చుంటే మనసుకు తృప్తిగానే ఉంది.

అత్తకు చెప్పనిది ఒకటి ఉండిపోయింది. సోమవారం నాటి తరువాతి అంశం బైపాస్ వెడల్పు గురించి. కొత్త పటంలో మామ తరువాత కొడుకు నడుపుతున్న షెడ్డు రోడ్డులోకి పోతోంది, బదులు చోటు చూపమని అతను పెట్టుకున్న అర్జీ అది. ఒక సభ్యురాలు లేచి, చోటు ఎక్కడుందని అడిగింది. పక్కనున్న విలేకరి అమ్మాయి నా వైపు చూసి, ముందే రాసి పెట్టుకున్న మాటను చెరిపేసింది. ఆ అంశం వాయిదా పడింది. రేకులు ప్రస్తుతానికి పైనే ఉన్నాయి.