లేసు చివర లాగిన పోగు

సిరిసిల్లలో పుట్టినవాళ్లకు ఒక పాడు అలవాటు ఉంటుంది. కొత్త బట్ట చేతికొస్తే చాలు, అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చి చూస్తాం. కాగితం కాలిన వాసన వచ్చి బూడిదైతే నూలు, కరిగి ఉండకడితే పాలిస్టర్. చిన్నప్పుడు మగ్గానికి దారం కండెలు చుడుతూ నేర్చుకున్న విద్య ఇది. కోరుట్లకు కోడలిగా వచ్చి, కుట్టు మిషన్ పెట్టుకుని ఇన్నేళ్లయినా నా చేతులకు ఆ బుద్ధి పోలేదు. పైగా అదో గొప్పగా చెప్పుకునేదాన్ని.

మా వీధి చివర ఉండే అక్క మస్కట్‌లో తొమ్మిదేళ్లు ఒక విదేశీ ముసలమ్మను చూసుకుని వచ్చింది. బిడ్డ ఎంగేజ్‌మెంట్‌కు జాకెట్ కుట్టమని పట్టుబట్ట ఇచ్చి, పాత రుమాలులో చుట్టిన లేసు తీసింది. మీగడ రంగు, నాలుగు వేళ్ల వెడల్పు, పొడుగునా పూలు. మిషన్ పని కాదని చూడగానే తెలిసింది.

"ముసలమ్మ తల్లి అల్లిందట చెల్లె. దిండు మీద గుండుసూదులు గుచ్చి, పుల్లలకు దారం సుట్టి, గా పుల్లలను అటూ ఇటూ మార్చుకుంట జడ లెక్క అల్లుతరు. సచ్చిపోయే ముంగట నా చేతుల పెట్టింది. గిసొంటిది మల్ల దొరకది. పైలం."

"ఫికరు చెయ్యకు అక్కా. రేపు మూడు గంటలకు రా, జాకెట్ చేతులకు కుట్టి పెడుత," అన్నాను.

రాత్రికే జాకెట్ కుట్టేశాను. మర్నాడు పొద్దున లేసు కోసం ఇస్త్రీ పెట్టె వేడెక్కుతోంది. లేసు పాలిస్టర్ అయితే అంటుకుపోతుందని నాకు అనుమానం. అంత పాతదాంట్లో పాలిస్టర్ ఎక్కడిది? ఆ ఆలోచన రాలేదు. చివర ఒకచోట చిన్న ముడి, ముడి పక్కన పోగు కొస. ముడి కత్తిరించి ఆ పోగు లాగాను, కిటికీ గట్టు మీద కాల్చాను. నూలే. తృప్తిగా తల తిప్పి చూస్తే, చివరి పువ్వు లేదు.

నేసిన బట్టలో ఒక పోగు లాగితే ఆ పోగే వస్తుంది. ఇది నేత కాదు, అల్లిక. ముడి తెగేసరికి ఒకదాన్ని పట్టుకుని ఉన్న ఇంకొకటి, దాన్ని పట్టుకున్న మరొకటి వదిలేశాయి. పువ్వు ఉన్నచోట వంకర దారాలు వేలాడుతున్నాయి. జడ లెక్క అని ఆమె చెప్పనే చెప్పింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

ఆ ముక్క కోసేసి, పొట్టిదైందని అబద్ధం చెబుదామా అనుకున్నాను. ఆమె మొహం గుర్తొచ్చి కత్తెర పక్కన పెట్టాను. తలుపు గడియ వేసి దిండు తెచ్చాను. లేసును గుండుసూదులతో దాని మీద బిగించి, చీపురు పుల్లలు విరిచి ఒక్కో దారాన్ని ఒక్కో పుల్లకు చుట్టాను. తగ్గిన చోటికి తెల్లదారం చాయ్ డికాషన్‌లో ముంచి ఆరబెట్టుకున్నాను. పక్క పువ్వును చూస్తూ పుల్లలు మార్చడం, తప్పడం, విప్పడం. గడియారం వైపు చూసినప్పుడల్లా నన్ను నేనే తిట్టుకున్నాను. రెండున్నరకు పువ్వులాంటిదేదో వచ్చింది. ఒక రెక్క లావు, ఒక రెక్క వంకర. ముడివేసి, లేసును జాకెట్ చేతులకు కుట్టేశాను.

మూడు కాకముందే అక్క తలుపు కొట్టింది. జాకెట్ ఒళ్లో వేసుకుని, లేసు మీద వేలు మెల్లగా జరుపుతూ వచ్చింది. సరిగ్గా ఆ పువ్వు దగ్గర వేలు ఆగింది. చెప్పేద్దామని నోరు తెరిచాను.

ఆమె నవ్వింది.

"గిది సూసినవా చెల్లె? లేసు కొసకు చినిగితే ముసలమ్మ నాకు నేర్పించి, గీ ఒక్క పువ్వు నాతోని అల్లించింది. వంకరొచ్చిందని ఇప్పేస్తనంటె, ఉండనియ్యి, నీ చెయ్యి గుర్తుంటదన్నది. తొమ్మిదేండ్లు ఆ ఇంట్ల చేసిన పనిల నాదంటు మిగిలింది గిదొక్కటే. నా బిడ్డకు గిదే సూపెట్టాలె."

ఆ వంకర రెక్కను కళ్లకద్దుకుంది. ఆమె అల్లిన పువ్వును నేను పొద్దున్నే విప్పి కాల్చేశాను, బూడిద ఇంకా కిటికీ గట్టు మీదే ఉంది.

"ఎట్లున్నదే?" అని అడిగింది.

"మంచిగున్నదక్కా," అన్నాను.